ఆకాశం నీలంగానే ఉంది కదా, విమానం ఎందుకు ఆపారు అని అడిగేవాళ్లకి

ఎక్కడో అగ్నిపర్వతం పేలుతుంది. విమానాలు వరసపెట్టి రద్దవుతాయి. సాయంత్రానికల్లా ఎయిర్‌పోర్ట్ ఫొటోలు వచ్చేస్తాయి. అద్దాల అవతల తెరిపి ఆకాశం, ఆగిపోయిన విమానాలు, కింద ఒక కామెంట్: "బూడిదంట! ఎక్కడుంది బూడిద? డబ్బు మిగుల్చుకోవడానికి నాటకాలు కాకపోతే!"

దానికి వేలల్లో లైకులు పడటం చూసి ఇక ఉండబట్టలేక రాస్తున్నాను. విమానం ఆపినందుకు తిట్టడం తప్పు. ఆపాక మనల్ని ఎలా వదిలేస్తున్నారో దానికి నిలదీయాలి. ఈ రెండూ కలిసిపోవడం వల్ల నిలదీయాల్సినవాళ్లు ప్రతిసారీ తప్పించుకుంటున్నారు. ముందు బూడిద సంగతి చెప్తాను, ఎందుకంటే అది అర్థమైతే సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

అగ్నిపర్వతం ఎగజిమ్మేది కట్టె కాలితే మిగిలే మెత్తటి బూడిద కాదు. పొడిపొడిగా చితికిన రాయి, గాజు. అంచులు పదునుగా ఉంటాయి, నీళ్లలో కరగవు. పెద్ద రేణువులు దగ్గర్లోనే రాలిపోతాయి. సన్నవి మాత్రం గాలితో పాటు వేల కిలోమీటర్లు పోతాయి, రోజుల తరబడి పైనే ఉంటాయి. జెట్ విమానాలు ఎగిరే ఎత్తులోనే చాలాసార్లు ఈ మబ్బు కూడా పరుచుకుంటుంది.

ఇప్పుడు ఇంజిన్ లోపలికి వెళ్దాం. ఈ గాజు రేణువులు సుమారు 1,100 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరగడం మొదలవుతుంది. ఎగురుతున్న జెట్ ఇంజిన్‌లో ఇంధనం మండే చోట వేడి 1,400 డిగ్రీలు దాటుతుంది. అంటే లోపలికి వెళ్లిన బూడిద అక్కడ కరిగి, వెనక ఉండే టర్బైన్ భాగాలకి తగలగానే గాజు పొరలా గట్టిపడుతుంది. టర్బైన్ రెక్కల్ని చల్లబరచడానికి పెట్టిన సన్నటి రంధ్రాలు మూసుకుపోతాయి. గాలి వెళ్లే దారి ఇరుకవుతుంది, పీడనం తలకిందులవుతుంది, చివరికి మంట ఆరిపోతుంది. బయట కాక్‌పిట్ అద్దం గీతలు పడి మసకబారుతుంది. వేగం కొలిచే గొట్టాలు పూడుకుపోతే పైలట్‌కి కనిపించే వేగం కూడా నమ్మలేం.

ఇదంతా పుస్తకాల్లో లెక్క కాదు, జరిగింది. 1982 జూన్ 24 రాత్రి బ్రిటిష్ ఎయిర్‌వేస్ 9వ నంబర్ విమానం, బోయింగ్ 747, ఇండోనేషియాలోని జావా ద్వీపం దగ్గర గలుంగుంగ్ అగ్నిపర్వతం బూడిదలోకి వెళ్లింది. నాలుగు ఇంజిన్లూ ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. 37,000 అడుగుల ఎత్తులో ఉన్న విమానం ఇంజిన్లు లేకుండా కిందికి జారుతూ 13,000 అడుగుల దరిదాపులకి వచ్చాక గానీ మళ్లీ ఇంజిన్లు అందుకోలేదు. కెప్టెన్ ఎరిక్ మూడీ, ఆయన సిబ్బంది ముందు అద్దంలోంచి సరిగా ఏమీ కనపడకపోయినా జకార్తాలో దించారు. లోపలున్న 263 మందీ బతికారు. అసలు తామున్నది బూడిదలో అని ఆ సమయంలో వాళ్లకి తెలియదు. వాతావరణ రాడార్ నీటి బిందువుల్ని పట్టుకుంటుంది, పొడి బూడిదని పట్టుకోదు. రాత్రి కావడంతో కంటికీ కనపడలేదు.

1989 డిసెంబర్ 15న అలాస్కాలో మళ్లీ అదే జరిగింది. కేఎల్ఎం 867వ నంబర్ విమానం రిడౌట్ అగ్నిపర్వతం బూడిదలోకి వెళ్లింది. అదీ బోయింగ్ 747, దాదాపు కొత్తది. బూడిదలోంచి బయటపడాలని పైలట్లు పూర్తి శక్తి ఇచ్చి పైకి ఎక్కబోయారు. ఎవరైనా అలాగే చేస్తారు. కానీ శక్తి పెంచిన కొద్దీ ఇంజిన్ ఎక్కువ గాలి పీలుస్తుంది, ఎక్కువ వేడెక్కుతుంది, బూడిద మరింత కరుగుతుంది. నాలుగు ఇంజిన్లూ ఆరిపోయాయి. విమానం 14,000 అడుగులకు పైగా కిందికి పడిపోయాక ఇంజిన్లు మళ్లీ పట్టుకున్నాయి. అందరూ క్షేమంగా దిగారు. మరమ్మతులకే సుమారు 8 కోట్ల డాలర్లు అయ్యాయి. బూడిద తగిలితే శక్తి తగ్గించి వెనక్కి తిరగమని ఈరోజు పైలట్లకి నేర్పిస్తున్నారంటే, దాని వెనక ఇలాంటి ఘటనలు ఉన్నాయి.

"సరే, అవి దట్టమైన బూడిదలో దూరిన విమానాలు, మా ఆకాశం తేటగా ఉంది కదా" అంటారా? అలా అనేవాళ్లందరికీ నేను చెప్పాలనుకునేది నాసా విమానం కథ. నాకు తెలిసినంతలో ఈ మొత్తం విషయంలో అన్నిటికంటే భయపెట్టేది ఇదే.

2000 ఫిబ్రవరి చివర్లో ఐస్‌లాండ్‌లో హెక్లా అగ్నిపర్వతం పేలింది. నాసాకి చెందిన డీసీ-8 పరిశోధన విమానం అమెరికా నుంచి స్వీడన్‌లోని కిరునాకి బయల్దేరింది. బూడిద ఎక్కడ ఉండొచ్చో ముందే తెలుసుకుని, దానికి చాలా ఉత్తరంగా దారి మార్చుకుని మరీ వెళ్లారు. అయినా మబ్బు అంచు తగిలింది. కొన్ని నిమిషాలంతే. సిబ్బందికి ఏమీ కనపడలేదు, వాసన రాలేదు, ఇంజిన్ మీటర్లలో తేడా లేదు. విమానంలో శాస్త్రవేత్తల పరికరాలు ఉండబట్టి విషయం బయటపడింది. దిగాక చూస్తే పైకి దెబ్బలేమీ లేవు. దాంతో ఆ విమానాన్ని ఇంకా ఎన్నో గంటలు నడిపారు. తిరిగి అమెరికా చేరాక ఇంజిన్లలోకి కెమెరా గొట్టం పంపి చూస్తే తెలిసింది: టర్బైన్ రెక్కల చల్లటి గాలి రంధ్రాలు పూడుకుపోయి ఉన్నాయి. వేల గంటలు పనిచేయాల్సిన భాగాలకి ఇంకో 100 గంటల ఆయుష్షు మాత్రమే మిగిలి ఉండొచ్చని లెక్కగట్టారు. ఇంజిన్లు బాగుచేయడానికి 32 లక్షల డాలర్లు ఖర్చయింది.

శాస్త్రవేత్తలు ఎక్కి కూర్చున్న విమానంలోనే పైలట్‌కి తెలియలేదు. ఎయిర్‌పోర్ట్ కిటికీలోంచి ఫోన్‌తో ఫొటో తీసి మనం తేల్చేస్తామా?

ఇక 2010 గురించి. ఏప్రిల్ 14న ఐస్‌లాండ్‌లో ఎయాఫ్యాట్లాయోకుల్ అగ్నిపర్వతం మంచు కింద నుంచి పేలింది. మంచు కరిగిన నీళ్లు లావాతో కలవడంతో బూడిద చాలా సన్నగా, పదునుగా తయారైంది. గాలి దాన్ని నేరుగా యూరప్ మీదికి తోసింది. దాదాపు వారం పాటు యూరప్ ఆకాశంలో చాలా భాగం మూతపడింది. సుమారు లక్ష విమానాలు రద్దయ్యాయి, కోటి మంది ఎక్కడివాళ్లు అక్కడ ఉండిపోయారు, ఎయిర్‌లైన్స్ 170 కోట్ల డాలర్లు నష్టపోయాయి. గాలి యూరప్ వైపు వీచడంతో ఐస్‌లాండ్‌లోని కెఫ్లావిక్ ఎయిర్‌పోర్ట్ మాత్రం ఆ రోజుల్లో చాలావరకు పనిచేస్తూనే ఉంది.

అప్పుడు కూడా "అతి చేశారు" అన్న గోల లేచింది. కానీ ఏప్రిల్ 15న ఎగిరిన ఫిన్లాండ్ వాయుసేన ఎఫ్-18 విమానాల ఇంజిన్లలో కరిగిన బూడిద గాజులా పేరుకుని కనిపించింది. ఆ ఫొటోల్ని వాళ్లే బయటపెట్టారు. మరుసటి ఏడాది సిగుర్దుర్ గిస్లాసన్, సుసాన్ స్టిప్ అనే శాస్త్రవేత్తల బృందం ఆ బూడిదని పరీక్షించి, అది విమానాలకి నిజంగానే ప్రమాదకరమని రాసింది.

ఆ వారం గురించి నాకూ ఒక కోపం ఉంది, అది వేరే. ఎంత బూడిద వరకు ఇంజిన్ తట్టుకుంటుందో అప్పటిదాకా ఒప్పుకున్న అంకె అంటూ లేదు. బూడిద ఉంటే దూరంగా ఉండండి, అంతే రూలు. 1982లో నాలుగు ఇంజిన్లు ఆగిపోయిన తర్వాత 28 ఏళ్లు గడిచినా ఆ అంకె తేల్చలేదు. కోటి మంది ఇరుక్కుని, నష్టం కోట్లలోకి వెళ్లి, ఒత్తిడి పెరిగేసరికి రోజుల వ్యవధిలో ఘనపు మీటర్ గాలికి 2 మిల్లీగ్రాముల హద్దు వచ్చేసింది. తర్వాత 4 మిల్లీగ్రాముల దాకా మరో మెట్టు చేర్చారు. తీరిగ్గా పరీక్షలు చేసి తేల్చాల్సిన విషయం ఇలా ఎయిర్‌పోర్టుల్లో జనం నేలమీద పడుకున్న వారంలోనా తేలేది? మనం అడగాల్సిన ప్రశ్న ఇది.

రెండో కోపం ఇంకా పెద్దది. విమానం రద్దయ్యాక మనిషికి ఏమవుతుంది?

ఇలాంటి రద్దులో ఒకసారి నేనూ ఇరుక్కున్నాను. రద్దు చేసినందుకు నాకు బాధ లేదు. కానీ గంటల తరబడి ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు. యాప్‌లో "ఆలస్యం" అని ఉంది, బోర్డు మీద "రద్దు" అని ఉంది, కాల్ సెంటర్ ఫోన్ ఎత్తలేదు. నా పక్కన చంటిపిల్లతో ఒకావిడ పాలకి వేడినీళ్లు ఎక్కడ దొరుకుతాయని అందరినీ అడుగుతూ తిరిగింది. మగవాళ్లు గుంపుగా వెళ్లి కౌంటర్లో ఉన్న అమ్మాయి మీద "విమానం ఎందుకు ఎగరదు" అని విరుచుకుపడ్డారు. ఆమె చేతిలో లేని పని అది. హోటల్ ఎవరిస్తారు, భోజనం ఎవరిస్తారు, తర్వాతి విమానంలో సీటు ఎప్పుడు అని మాత్రం ఒక్కరూ అడగలేదు. కంపెనీకి అంతకంటే ఏం కావాలి?

ఈ విషయంలో యూరప్ రూలు చూడండి. అగ్నిపర్వతం పేలడం ఎయిర్‌లైన్ తప్పు కాదు కాబట్టి పరిహారం ఇవ్వక్కర్లేదు. కానీ ప్రయాణికుడికి భోజనం, బస, అవసరమైన ఫోన్ సౌకర్యం మాత్రం చూడాల్సిందే. 2010లో పోర్చుగల్‌లోని ఫారోలో వారం పాటు చిక్కుకున్న ఒక ప్రయాణికురాలు తన ఖర్చులు సుమారు 1,130 యూరోలు ఇవ్వమని కోర్టుకి వెళ్లింది. 2013 జనవరిలో యూరోపియన్ న్యాయస్థానం చెప్పింది: ఇంత పెద్ద విపత్తులోనూ ఈ బాధ్యత పోదు, దానికి ఇన్ని రోజులని గానీ ఇంత డబ్బని గానీ పరిమితి లేదు, ఖర్చు అవసరమైనదీ సబబైనదీ అయితే చాలు. ఇంత స్పష్టంగా చెప్పే చట్టం అన్ని దేశాల్లో ఉండాలి. "ప్రకృతి వైపరీత్యం, మా చేతుల్లో లేదు" అనే ఒక్క లైను మెసేజ్‌తో మనిషిని నేలమీద వదిలేసే పద్ధతి పోవాలి. పేలుడు వాళ్ల చేతుల్లో లేదు, నిజమే. ఒక దుప్పటి, ఒక భోజనం, ఒక నిజమైన సమాచారం వాళ్ల చేతుల్లోనే ఉన్నాయి.

"ఇది అరుదుగా జరిగేది, దీనికింత గోలెందుకు" అనేవాళ్లూ ఉంటారు. 2011లో చిలీలో పుయెహ్వే-కోర్డోన్ కాయె అగ్నిపర్వతం పేలితే ఆ బూడిద దక్షిణార్ధగోళం చుట్టి ఆస్ట్రేలియాలో, న్యూజిలాండ్‌లో విమానాలు ఆపింది. 2017 నవంబర్‌లో అగుంగ్ అగ్నిపర్వతం వల్ల ఇండోనేషియాలోని బాలి ఎయిర్‌పోర్ట్ మూతపడింది. 2024 నవంబర్‌లో లెవొటొబి లకిలకి వల్ల బాలి విమానాలు మళ్లీ రద్దయ్యాయి. 2025 నవంబర్ 23న ఇథియోపియాలోని అఫార్ ప్రాంతంలో హైలీ గుబ్బి పేలింది. అది గత 12,000 ఏళ్లలో పేలినట్టు రికార్డే లేని అగ్నిపర్వతం. దాని బూడిద ఎర్ర సముద్రం దాటి యెమెన్, ఒమన్ మీదుగా ఉత్తర భారతం దాకా వచ్చింది, అక్కడా విమానాలు రద్దయ్యాయి.

ఇలాంటి కొండ పక్కన భూమి కదలికలు కనిపెట్టే పరికరాలు (సీస్మోమీటర్లు) ఉంటే ముందే ఎంతో కొంత తెలుస్తుంది. ప్రపంచంలో చాలా అగ్నిపర్వతాల దగ్గర అవి లేవు, లేదా చాలినన్ని లేవు. బూడిద ఎటు పోతోందో చెప్పడానికి లండన్, తులూజ్, టోక్యో, డార్విన్ లాంటి చోట్ల మొత్తం తొమ్మిది కేంద్రాలు పగలూ రాత్రీ పనిచేస్తున్నాయి. ఉపగ్రహాల సమాచారం, గాలి లెక్కలు కలిపి వాళ్లు హెచ్చరికలు ఇస్తారు. బూడిద వల్ల ఇప్పటివరకు ఒక్క ప్రయాణికుల జెట్ కూడా కూలి మనుషులు చనిపోలేదంటే అందులో వీళ్ల పాత్ర చాలా ఉంది. కానీ కొండ దగ్గర మొదటి గంటలో ఏం జరిగిందో చెప్పేవాళ్లు లేకపోతే ఈ లెక్కలన్నీ ఆలస్యంగా మొదలవుతాయి. ఒక్క వారంలో 170 కోట్ల డాలర్లు పోగొట్టుకున్న పరిశ్రమ, కొండల దగ్గర సీస్మోమీటర్లు పెట్టడానికి డబ్బు పెట్టడం ఏమంత పెద్ద విషయం?

కాబట్టి ఈసారి ఇలాంటి రద్దులో మీరుంటే, దయచేసి ఇలా చేయండి. రద్దు అని మెసేజ్ లేదా మెయిల్ రూపంలో తీసుకోండి, నోటిమాట చాలదు. రీఫండ్ కావాలో వేరే విమానం కావాలో ఆలోచించుకునే ముందే "ఓకే" నొక్కకండి, రీఫండ్ తీసుకున్న తర్వాత మిగతా బాధ్యత తమది కాదని చాలాచోట్ల చేతులు దులుపుకుంటారు. తిన్నదానికీ ఉన్నదానికీ బిల్లులు దాచండి. ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉంటే అందులో అగ్నిపర్వతం మాట ఉందో లేదో చదవండి. పేలుడు వార్త వచ్చాక కొన్న పాలసీ ఆ పేలుడుకి సాధారణంగా పనికిరాదు. పక్కన పసిపిల్లలతో, ముసలివాళ్లతో ఎవరైనా ఉంటే కౌంటర్లో ముందు వాళ్ల పేరు చెప్పండి. హోటల్, భోజనం, తర్వాతి సీటు, ఈ మూడింటికీ జవాబు వచ్చేదాకా అక్కడి నుంచి కదలకండి.