లారీ షెడ్డులో కొండచిలువ

మూడో ఏడాది పరీక్షలు అయిన మర్నాడు మా మెకానికల్ డిపార్టుమెంటులో ఒక్కొక్కరి చేతిలో ఒక లావుపాటి పుస్తకం పెట్టారు. పేరు ప్రోగ్రాం బుక్. ఎండాకాలంలో 8 వారాలు ఎక్కడో ఒకచోట ఇంటర్న్‌షిప్ చేసి దాన్ని నింపుకుని రావాలి. ఈ రోజు ఏం చేశావు అని ఒక గడి, దానివల్ల ఏం నేర్చుకున్నావు అని ఒక గడి, పక్కన పైవాళ్ల సంతకానికి ఇంకో గడి. వారానికి ఆరు రోజుల చొప్పున 48 సంతకాలు. అమ్మ అటూ ఇటూ తిప్పి చూసి, "పాలవాడి ఖాతా పుస్తకంలా ఉందేంట్రా, నాగాలు కూడా రాయాలా?" అంది.

నాగాల సంగతి తర్వాత, ముందు పాలు పోసేవాడు దొరకాలి కదా. 61 కంపెనీలకి మెయిళ్లు పెట్టాను. అన్నీ పెద్దవే. మెకానికల్ వాళ్లకి 'కోర్ కంపెనీ', అంటే చదివిన బ్రాంచికి సరిపడే కంపెనీ, అన్న మాట మీద ఉండే మోజు అలాంటిది. మూడు జవాబులొచ్చాయి. ఒకటి మీ మెయిలు అందింది అని మిషను పంపింది. రెండోది అసలు ఆ అడ్రసే లేదని. మూడోది మాత్రం నాలుగు నిమిషాల్లో వచ్చింది: అభినందనలు, మీరు ఎంపికయ్యారు, 1,999 రూపాయలు కడితే ఇంట్లో కూర్చుని ఇంటర్న్‌షిప్, చివర్లో సర్టిఫికెట్. నాలుగు నిమిషాల్లో నా ప్రతిభ కనిపెట్టిన ఆ మహానుభావుడి గురించి నాన్నకి చెప్పాను.

"డబ్బులు వాళ్లిస్తారా, మనమిస్తామా?"

"మనమే."

"దాన్ని ట్యూషనంటారు," అని ఆయన పేపర్లోకి వెళ్లిపోయారు.

కాసేపటికి మళ్లీ బయటికొచ్చారు. టీవీలో చూసిన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం గుర్తొచ్చిందట. 2024 బడ్జెట్‌లో చెప్పారు కదా, పెద్ద కంపెనీల్లో ఏడాది పాటు, నెలకి 5 వేలు, దానికి పెట్టరాదూ అన్నారు. అది 21 నుంచి 24 ఏళ్లవాళ్లకనీ, రోజూ కాలేజీకి వెళ్లి చదువుకునేవాళ్లకి కుదరదనీ చెప్పాను. "రోజూ వెళ్తున్నావా నువ్వు?" అన్నారు. కొన్ని ప్రశ్నలకి జవాబు చెప్పకపోతేనే ఇంట్లో అన్నం దొరుకుతుంది.

ఆ ఆదివారం నన్ను స్కూటరెక్కించుకుని బెజవాడ ఆటోనగర్ తీసుకెళ్లారు. 1960లనాటి ఆటోనగర్ అది. ఆసియాలోనే పెద్దదని అక్కడి టీకొట్టువాళ్లతో సహా అందరూ చెబుతారు. బోల్టు నుంచి బస్సు దాకా అక్కడ దొరకనిది లేదు. నాన్నకి తెలిసినాయనది అందులో ఒక లారీ బాడీ షెడ్డు. ఓనరుగారు నా రెజ్యూమే అందుకుని మొదటి లైను దగ్గరే ఆగిపోయారు.

"సవాళ్లతో కూడిన వాతావరణంలో పనిచేయాలన్నది నా ధ్యేయం, అని రాశావు. వాతావరణం విషయంలో మా దగ్గర ఢోకా లేదబ్బాయ్. పైన రేకులు, మే నెల. రేపే వచ్చెయ్."

జీతం అడగలేదు. రోజుకి రెండు టీలు, మధ్యాహ్నం మజ్జిగ అని ఆయనే చెప్పారు.

అలా 2025 మే 12, సోమవారం నా పారిశ్రామిక జీవితం మొదలైంది. షెడ్డులో అసలు పెద్ద ఓనరు కాదు, మేస్త్రి. అందరూ భాయ్ అంటారు. ముప్ఫై ఏళ్లుగా లారీలకి ఒళ్లు తొడుగుతున్నాడు. నన్ను పైనుంచి కిందికి చూసి, "ఏం వచ్చు బాబూ?" అన్నాడు.

"ఆటోక్యాడ్, సాలిడ్‌వర్క్స్, ఆన్సిస్. అన్నీ కంప్యూటర్లో డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్లు."

"గ్రైండర్ పట్టడం?"

నేను మాట్లాడలేదు.

"చీపురు?"

"వచ్చు భాయ్."

"మంచిది, ఏదో ఒకటి వచ్చు."

ఆ రాత్రి ప్రోగ్రాం బుక్ ముందేసుకుంటే పెద్ద చిక్కొచ్చి పడింది. చీపురు పట్టానని కాలేజీ పుస్తకంలో ఎలా రాస్తాం? గంటసేపు ఆలోచించి '5ఎస్ పద్ధతిలో షాప్ ఫ్లోర్ నిర్వహణ' అని రాశాను. 5ఎస్ అంటే పనిచేసే చోటు సర్ది శుభ్రంగా ఉంచుకోవడం. జపాన్‌వాళ్లు ఏ ముహూర్తాన కనిపెట్టారో గానీ, ఇండియాలో ఇంటర్న్‌లందరినీ ఆ 5ఎస్సే కాపాడుతోంది. రెండో రోజు ఏడు టీలు తెచ్చాను. 'సప్లై చైన్ మేనేజ్‌మెంట్'. అందులో భాయ్‌కి చక్కెర లేకుండా ఒకటి చెప్పమన్నారు, షుగరుందట. నేను ఏడూ చక్కెరతోనే పట్టుకొచ్చాను. భాయ్ ఒక గుక్క తాగి, గ్లాసు పక్కన పెట్టి, నా వంక చూసిన చూపు ఆ పుస్తకంలో ఏ గడిలోనూ పట్టదు.

మూడో రోజు వెల్డింగ్ చూశాను. కళ్లకి నల్లద్దం అడ్డు లేకుండా చూశాను. నీలంగా, అందంగా ఉంది. రాత్రి పదకొండింటికి రెండు కళ్లలో పిడికెడేసి ఇసుక పోసినట్టయింది. అమ్మ కంగారుగా ఫోన్ చేస్తే భాయ్, "బంగాళదుంప చక్రాలు పెట్టమ్మా, తెల్లారేసరికి తగ్గుద్ది. మాకందరికీ అయిందే," అన్నాడు. కళ్ల మీద దుంప ముక్కలతో వెల్లకిలా పడుకున్నప్పుడు నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. ఈ పుస్తకం రోజూ ఎందుకు రాయాలి? ఒకేసారి రాసేస్తే?

సీఎస్‌ఈ, అంటే కంప్యూటర్ సైన్స్, చదివే మావాడొకడు ఆ 1,999 రూపాయల ఇంటర్న్‌షిప్పే చేస్తున్నాడు. గుడివాడలో వాళ్లింట్లో పడుకుని చేస్తున్నాడు. వాడి పుస్తకం అప్పటికే 8 వారాలూ పూర్తయి ఉంది. అడగ్గానే ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపాడు. శనివారం రాత్రి కూర్చున్నాను. మొదట్లో జాగ్రత్తగానే ఉన్నాను. వాడు 'వెబ్‌సైట్' అన్నచోట 'లారీ' అనీ, 'హోమ్ పేజీ' అన్నచోట 'క్యాబిన్' అనీ మార్చుకుంటూ వచ్చాను. అర్ధరాత్రి దాటాక దోమలు, కరెంటు కోత. నాలుగో వారం నుంచి బుర్ర పడుకుంది, చెయ్యి ఒక్కటే రాసుకుపోయింది.

సోమవారం ఓనరుగారి ముందు పెడితే ఆయన ఫోన్లో మాట్లాడుతూనే 48 సంతకాలు చేసి, సొరుగులోంచి చేతికందిన స్టాంపుతో టపటపా కొట్టేశారు. సొరుగులో స్టాంపులు మూడున్నాయని నాకు తర్వాత తెలిసింది. కొన్ని పేజీల మీద షెడ్డు పేరు పడింది. కొన్నింటి మీద 'రొక్కం ముట్టినది'. అయిదో వారం మీద మాత్రం, 'ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు'.

మే 29, గురువారం. నేను 5ఎస్ చేస్తున్నాను. గేటు దగ్గర బండి ఆగింది. హెల్మెట్ తీసిన మనిషి మా గైడు సారు.

"పెనమలూరులో పెళ్లికార్డు ఇచ్చేదుంటే ఇటొచ్చాను. పనిలో పనిగా నిన్ను చూసిపోదామని. ఏదీ, పుస్తకం తే."

ఓనరుగారు కుర్చీ వేయించారు, మజ్జిగ తెప్పించారు. సారు ఒక పేజీ తిప్పారు, ఇంకోటి తిప్పారు, తర్వాత గబగబా చివరికి వెళ్లారు.

"ఇవాళ తారీఖెంతయ్యా?"

"29 సార్."

"ఏ నెల?"

"మే సార్."

"ఇక్కడ జూలై 5న నీ ఇంటర్న్‌షిప్ దిగ్విజయంగా ముగిసింది. ఎలా ఉంది జూలై? వానలు బాగా పడ్డాయా?"

నేను చీపురు వంక చూశాను. అది నా వంక చూసింది.

"జూన్ 7, శనివారం," సారు చదవడం ఆపలేదు, "మేస్త్రి పర్యవేక్షణలో ఆరు గంటల శిక్షణ."

లారీ కిందినుంచి భాయ్ తల బయటికొచ్చింది. "జూన్ 7 బక్రీద్ సార్. రాత్రే నెలవంక కనపడింది. ఆ రోజు నేను షెడ్డు మొహమే చూడను. ఆరు గంటలు నీకెవరు నేర్పార్రా?"

ఇంతవరకు నా తప్పు నేను ఒప్పుకుంటాను. తర్వాత జరిగిందానికి మాత్రం నేనొక్కణ్నే బాధ్యుణ్ని కాను.

సారు ఆరో వారం తీశారు. "ఈ వారమంతా పైథాన్‌తో పనిచేశాను. మొదట్లో భయం వేసినా, తర్వాత అలవాటయింది."

ఓనరుగారు చేతిలో మజ్జిగ గ్లాసు అలాగే ఆపేశారు. "పైథానంటే కొండచిలువ కదండీ? మా మనవడి బొమ్మల పుస్తకంలో ఉంది."

"అవును గానీ, ఇక్కడ..."

"మన షెడ్డులోనా?"

భాయ్ పూర్తిగా బయటికొచ్చేశాడు. "అనుకున్నా సార్! వారం నుంచి ఆ పాత టైర్ల వెనక బుస్సుబుస్సుమంటోంది. నేను కంప్రెసర్ పైపు లీకనుకున్నా."

ఆ మాట పూర్తయ్యేలోపు హెల్పరు క్యాబిన్ మీద ఉన్నాడు. ఎలా ఎక్కాడో ఇప్పటికీ ఎవరికీ తెలీదు, అప్పటికి ఆ క్యాబిన్‌కి మెట్లు పెట్టలేదు. సారు స్టూలెక్కారు, పుస్తకం మాత్రం వదల్లేదు. పక్క షెడ్డువాళ్లు, ఎదురు షెడ్డువాళ్లు, కమాన్ కట్టల షాపువాళ్లు తలా ఒక రాడ్డు పట్టుకుని వచ్చేశారు. అది కొండచిలువ కాదండీ, కంప్యూటర్ భాష అని నేను మొత్తుకుంటూనే ఉన్నాను. "భాషేంట్రా, పాము బుసకొడుతుంటే!" అని ఎవరో నన్ను పక్కకి లాగారు. ఒక్కొక్క టైరూ తీసుకుంటూ వెళ్లారు. మొత్తం 34. అడుగున దొరికినవి: నిరుడు పోయిన పన్నెండో నంబరు స్పానరు, హెల్పరు చెప్పు ఒకటి, కంప్రెసర్ పైపుకి వేలెడు చిల్లు.

సారు స్టూలు దిగలేదు. దాని మీదినుంచే ఏడో వారం తీశారు. "బగ్స్ పట్టుకుని తొలగించాం, అంతా క్లౌడ్‌లోకి ఎక్కించాం. ఇవి కూడా ఇక్కడివేనా, పైన ఎక్కడైనా దాచారా?"

గుడివాడవాడి పేరు చెప్పకుండా మిగతాదంతా చెప్పేశాను.

శిక్ష మామూలుగా ఉంటే ఇది రాసేవాణ్ని కాదు. సారు కొత్త పుస్తకం ఇచ్చారు. మొదటి రోజు నుంచి జరిగింది జరిగినట్టు రాయాలి. సంతకం ఓనరుగారిది కాదు, భాయ్‌ది. భాయ్‌కి ఇంగ్లిష్ రాదు కాబట్టి రోజూ సాయంత్రం తెలుగులో చదివి వినిపించి, ఆయన ఒప్పుకుంటేనే సంతకం.

భాయ్ ఆ పనిని కోర్టు జడ్జిలా తీసుకున్నాడు. మొదటి సాయంత్రం, "ఇవాళ వెల్డింగ్ నేర్చుకున్నాను," అని చదివాను.

"ఎక్కడ నేర్చుకున్నావ్? నుంచుని చూశావ్. మూడో రోజూ చూశావ్, దుంపలు దండగ."

సంతకం పడలేదు. మర్నాడు నల్లద్దం, పది నంబరు వెల్డింగ్ రాడ్డు నా చేతికిచ్చాడు. రాడ్డు ఇనుముకి ఆనించగానే అతుక్కుపోయింది. లాగితే రాలేదు. ఇంకోటి, అదీ అంతే. "పొడవకు బాబూ, అగ్గిపుల్ల గీసినట్టు గీయి. అంటుకోగానే రవ్వంత ఎత్తు." పదిహేను రాడ్లయ్యాక ఒకటి నిలబడింది. నేను వేసిన వెల్డింగ్ మా ఊరి మట్టిరోడ్డులా ఉంది, గుంటలూ గుట్టలూ. పైన నల్లగా పెచ్చు కట్టింది, సుత్తితో ఎంత కొట్టినా ఊడలేదు. భాయ్ పక్కనే ఒక బెత్తెడు వేసి చూపించాడు. చల్లారుతుంటే దాని పెచ్చు దానంతటదే చిన్న చప్పుడుతో లేచి, వేరుశనగ పొట్టులా కింద పడింది. కింద చేప పొలుసుల్లా వరసగా మెరుస్తున్న గీత. నేను ఫొటో తీయబోతే, "ఫొటో కాదు, ఇంకో రాడ్డు తియ్యి," అన్నాడు.

ఇంకోరోజు ఇరవై అడుగుల ఫ్రేము దగ్గర ఒక మూల నుంచి ఎదురు మూలకి తాడు పట్టించాడు. తర్వాత రెండో జత మూలలకి. అరంగుళం తేడా వచ్చింది. రెండూ సమానమైతేనే మూలలు తిన్నగా ఉన్నట్టని నేను పైథాగరస్ పేరు ఎత్తాను. అతనెవరో పక్కనుంచి, ఈ అరంగుళం ఇప్పుడు సరిచేయకపోతే వెనక తలుపు పట్టదని, డ్రైవరు ఊరూరా తిట్టుకుంటాడని చెప్పి, ఒక మూల సుత్తితో దెబ్బ వేయించాడు. ముందు నాలుగు మూలలా టాకాలు, అంటే చిన్న చిన్న అతుకులు, అదీ ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క. ఒకే వైపు వేసుకుంటూ పోతే వేడికి ఇనుము అటే లాగేస్తుందట. మా సిలబస్‌లో ఆ పాఠం ఉంది. పరీక్షకి ముందు రోజు నేను వదిలేసిన పాఠాల్లో ఉంది.

మధ్యలో ఒక కొత్త ముచ్చట. అక్టోబర్ నుంచి తయారయ్యే పెద్ద లారీల క్యాబిన్‌లో ఏసీ ఉండాలని రూలొచ్చిందని ఓనరుగారు పేపర్లో చదివి వినిపించారు. భాయ్ చెమట తుడుచుకుంటూ పైన రేకుల వంక చూశాడు. "లారీకొచ్చింది. మనకి?" అన్నాడు. ఎవరూ మాట్లాడలేదు.

జూలై 5, ఈసారి నిజం జూలై 5. చివరి పేజీలో ఇంటర్న్‌కి మార్కులేసే పట్టిక ఉంటుంది. సమయపాలన, నేర్చుకునే ఆసక్తి, నలుగురితో మాట్లాడే తీరు, ఇలాంటివి వరసగా. ఒకటి నుంచి అయిదు దాకా వేయాలి. ఒకటి అన్నిటికన్నా తక్కువ, అయిదు ఎక్కువ. ఆ సంగతి చెప్పడం మరిచిపోయి నేను స్వీట్లు తేవడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి భాయ్ పుస్తకం మూసి, స్టాంపు కూడా వేసి, నా భుజం మీద చెయ్యి వేశాడు.

"అన్నిట్లో ఒకటే వేశాను బాబూ. ఫస్టు! మావాడికి కూడా ఏ రోజూ ఫస్టు రాలేదు."

తెరిచి చూశాను. గట్టిగా ఒత్తి రాసిన ఒకట్లు, లారీకి నంబరు ప్లేటు రాసినంత శ్రద్ధగా, వరసగా కిందికి. ఆయన మొహం చూసి నాకు నోరు రాలేదు. నలుగురితో మాట్లాడే తీరు అన్నచోట మాత్రం రెండు ఉంది.

"ఇదేంటి భాయ్?"

"ఆ రోజు టీ గుర్తుందా? చక్కెర లేకుండా అని చెప్పలేకపోయావ్. అబద్ధం వేయలేను కదా, ఒకటి తగ్గించా."

సోమవారం మా సారు ఆ పేజీ చాలాసేపు చూశారు. చివరికి కళ్లజోడు తీసి నిట్టూర్చారు.

"పోనీలే," అన్నారు, "మాట తీరొక్కటి కాస్త నయమన్నమాట."