జమాఖర్చులు చూపని సాహిత్యం

తెలుగులో పుస్తక సమీక్ష అనే ప్రక్రియ ఒకటి ఉన్నదని విన్నాను గాని, దానిని చదివి ఒక పుస్తకం కొనాలో వద్దో తేల్చుకున్న మనిషిని మాత్రం ఇంతవరకు చూడలేదు. ఆవిష్కరణ సభలో శాలువా కప్పించుకున్న వక్త 'ప్రతి ఒక్కరూ చదివి తీరవలసిన పుస్తకం' అంటాడే తప్ప ఆ ప్రతి ఒక్కరిలో తాను ఉన్నదీ లేనిదీ చెప్పడు. ముందుమాట రాసినవారు రచయితకు మిత్రులు, వెనుక అట్ట మీద నాలుగు వాక్యాలు రాసినవారు ముందుమాట రాసినవారికి మిత్రులు. ఈ మిత్రమండలిలో ఎవరికీ ఏమీ కానివాడు, ఆడిట్ శాఖలో పనిచేసి రిటైరైనవాడు, మొహమాటానికి ఏ పద్దునూ వదిలిపెట్టే అలవాటు లేనివాడు ఎవడో ఒకడు నిజం చెప్పవలసి ఉన్నది గనుక, ఈ మధ్య నేను చదివిన పుస్తకాల మీద నా నిష్పాక్షిక అభిప్రాయాలను పాఠక లోకానికి సమర్పిస్తున్నాను.

శైలి, శిల్పం, దృక్పథం వంటివాటికి ఓచర్లు ఉండవు కాబట్టి వాటి జోలికి నేను పోను. నా ప్రమాణం ఒక్కటే: ఈ పుస్తకంలో ఇంటి ఖర్చు ఎవరు భరిస్తున్నారు? ఎంతటి మహారచయిత అయినా ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా పాత్రల చేత నాలుగు వందల పుటలు మాట్లాడించాడంటే ఎక్కడో ఏదో దాస్తున్నాడని అర్థం.

ఈ పరీక్షలో మొదటి శ్రేణిలో ఉత్తీర్ణమైనది 'కన్యాశుల్కం'. 1897లో అచ్చయిన ఈ నాటకంలో గురజాడవారు చూపిన ఆర్థిక పారదర్శకత ఆ తర్వాత మన వాఙ్మయంలో మళ్ళీ కనబడలేదు. సంతసామాను తెచ్చిపెడతానని పూటకూళ్ళమ్మ దగ్గర గిరీశం తీసుకున్నది ఇరవై రూపాయలు. ఆ సొమ్ము ఎవరి కింద ఖర్చయిందో అతడే తొలి అంకంలో ఒప్పుకుంటాడు. నిధుల మళ్ళింపును ఇంత నిజాయతీగా అంగీకరించిన ఉద్యోగిని నా సర్వీసులో నేను చూడలేదు. అగ్నిహోత్రావధాన్లు తన చిన్న కూతురు సుబ్బిని లుబ్ధావధాన్లకు ఇవ్వబోయేది పద్దెనిమిది వందలకు: ఇచ్చేవాడు ఎవడు, పుచ్చుకొనేవాడు ఎవడు, సరుకు ఏమిటి, ధర ఎంత, అన్నీ స్పష్టం. పాఠకులు గిరీశం దగ్గర ఆగి పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకుంటారు గాని, ఆ పద్దెనిమిది వందల దగ్గరికి వచ్చేసరికి గబగబా పుట తిప్పేస్తారు. తర్వాతి కాలంలో ఆ పద్దు జమ వైపు నుంచి ఖర్చు వైపుకు మారి కట్నమైంది. మొత్తం పెరిగింది, ఎంతో పైకి చెప్పుకొనే మర్యాద పోయింది.

మొక్కపాటి నరసింహశాస్త్రిగారి 'బారిస్టర్ పార్వతీశం' తొలి భాగాన్ని జనం హాస్య నవల అంటున్నారు గాని, నా దృష్టిలో అది మంజూరు కాని టి.ఎ. బిల్లు, అంటే ప్రయాణ భత్యం బిల్లు. మొగల్తూరు నుంచి ఎడింబరో దాకా పైఅధికారి అనుమతి లేకుండా, అంటే ఇంట్లో చెప్పకుండా, చేసిన ప్రయాణం అది. పైగా దారిలో మద్రాసులో కొన్న టోపీ ఆడవాళ్ళది. తన కోసం కొని తన తల మీదే పెట్టుకున్నప్పటికీ ఆ ఖర్చును ఏ పద్దు కింద చూపాలో నియమావళిలో లేదు కాబట్టి మొక్కపాటివారి నుంచి రికవరీకి సిఫార్సు చేయవలసి వచ్చింది.

ఇక గంభీరమైన నవలల సంగతి. చలంగారి 'మైదానం'లో రాజేశ్వరి వకీలు భర్త ఇంట ఉన్నంతకాలం ఖర్చు ఎవరిదో తెలుసు. అమీర్‌తో వెళ్ళిపోయాక ఇంటద్దె లేదు, ఏటి నీళ్ళకు పన్ను లేదు. 1927 నుంచి ఈ పుస్తకం మీద నీతి గురించి జరిగినంత చర్చలో ఆ మైదానం పట్టా భూమియా, పోరంబోకా అని అడిగినవాడు ఒక్కడైనా లేడు. గోపీచంద్‌గారి 'అసమర్థుని జీవయాత్ర' ఈ విషయంలో మేలు: సీతారామారావుకు ప్రారంభ నిల్వ ఘనంగా ఉన్నది, ముగింపు నిల్వ శూన్యం, మధ్యలో ఉన్న ఓచర్లన్నీ వంశ ప్రతిష్ఠ పేరు మీద ఉన్నాయి. లెక్క సరిపోయింది. పేరులోనే ఫలితాన్ని ప్రకటించిన రచయితను తప్పుపట్టడానికి ఏమీ లేదు.

బుచ్చిబాబుగారి 'చివరకు మిగిలేది' పేరు చూసి ఎంతో ఆశపడి కొన్నాను. నాయకుడు దయానిధి వైద్యం చదువుకున్నాడు, రోగులూ వస్తారు. అయినా అతనికి సంపద వచ్చేది ఫీజుల వల్ల కాదు, రాయలసీమలో వజ్రం దొరకడం వల్ల. అతని అంతరంగ మథనం గురించి పెద్ద విమర్శకులు పెద్ద వ్యాసాలే రాశారు. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం నేలలో పది రూపాయల విలువ దాటినది దొరికితే కలెక్టరుకు తెలియజేయవలసి ఉండగా దయానిధి ఆ పని చేశాడా, లేక అది దాచిన నిక్షేపం కాదు పుట్టిన ఖనిజమని వాదించాడా అన్నదానిని మాత్రం ఏ విమర్శకుడూ స్పృశించలేదు. కోమలి, అమృతం, ఇందిర, కాత్యాయనిలలో ఎవరిని అతడు నిజంగా ప్రేమించాడన్నది నా శాఖకు సంబంధించిన విషయం కాదు.

'వేయిపడగలు' వెయ్యి పుటలకు దగ్గరగా ఉన్న గ్రంథం. విశ్వనాథవారు ఇరవై తొమ్మిది రోజుల్లో ఆశువుగా చెప్పగా వారి తమ్ముడు రాసుకున్నారని ప్రసిద్ధి. రోజుకు సుమారు ముప్ఫై నాలుగు పుటల చొప్పున రాసిన ఆ తమ్ముడికి ఓవర్‌టైం చెల్లించినట్టు ఆధారం కనబడలేదు. ధర్మం క్షీణిస్తున్నదని గ్రంథమంతటా బాధపడిన మహానుభావుడు ఇంట్లోనే ఉన్న కార్మిక సమస్యను గమనించకపోవడం విచారకరం. చదవడానికి నాకు ఇరవై తొమ్మిది రోజులు చాలలేదు. ఓవర్‌టైం నాకూ రాలేదు.

కవిత్వం మీద నాకు సాధారణంగా నమ్మకం తక్కువ. అయితే 'మహాప్రస్థానం'లో కుక్కపిల్ల, అగ్గిపుల్ల, సబ్బుబిళ్ళ అని వరుసగా స్టాకు రిజిస్టరు తెరిచినందుకు శ్రీశ్రీగారిని అభినందిస్తున్నాను. వాటి సంఖ్య, కొన్న తేదీ కూడా వేసి ఉంటే బాగుండేది. పుస్తకానికి 'యోగ్యతాపత్రం' అనే పేరుతో ముందుమాట జతపరచడం మరొక మెచ్చదగిన విషయం. కానీ చలంగారు ఆ పత్రం ఇచ్చింది 1940లో, పుస్తకం వెలువడింది 1950లో. పదేళ్ళ నాటి ధ్రువపత్రాన్ని ఏ కార్యాలయం అంగీకరిస్తుంది?

ఇన్ని పుస్తకాల మధ్య నన్ను కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టింది డాక్టర్ పి. శ్రీదేవి రాసిన 'కాలాతీత వ్యక్తులు'. 1957లో ధారావాహికగా వచ్చిన ఈ నవలలో ఇందిర ఆఫీసులో ఉద్యోగం చేస్తుంది, జీతం తెస్తుంది, ఆ జీతంతో తండ్రి ఆనందరావును పోషిస్తుంది. మేడ మీద గదిలో ఉన్న ప్రకాశం పెద్దల మాట దాటలేని మెడికల్ విద్యార్థి. ప్రేమిస్తాడు, భయపడతాడు, జారుకుంటాడు. నా ప్రశ్నకు ఇంత సూటిగా, మొదటి నుంచి చివరి దాకా జవాబు చెప్పిన నవల మరొకటి నాకు తగలలేదు. మరి పాఠకుల స్పందన ఏమిటని నాకు తెలిసిన సాహితీప్రియులను విచారించాను. ఇందిరకు స్వార్థం ఎక్కువ అన్నారు ఒకరు. బొత్తిగా లెక్కలేనితనం అన్నారు మరొకరు. ఈ పుస్తకంలో లెక్క ఉన్నది ఆ అమ్మాయి ఒక్కదానికే అని నేను మనవి చేస్తే ఆయన నొచ్చుకున్నారు. సంపాదన ఊసెత్తని నాయకులు మనోవేదన పడితే దుప్పటి కప్పుకొని కన్నీరు పెట్టుకొనే పాఠకులు, పగలంతా ఫైళ్ళ మధ్య గడిపి వచ్చి ఇంటికి బియ్యం తెచ్చే మనిషి గట్టిగా నవ్వితే గుణగణాల విచారణ మొదలుపెడతారు. తండ్రి ఆనందరావు నడవడి మీద విచారణ జరపాలని ఎవరికీ తోచలేదు. ఈ వైరుధ్యంపై ప్రత్యేక నివేదిక సిద్ధం చేశాను గాని, పంపవలసిన చిరునామా దొరకలేదు.

మిగిలినవాటిని క్లుప్తంగా ముగిస్తాను. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్ హంతకులను తప్పకుండా పట్టుకుంటాడు, కాని కారులో పోయించిన పెట్రోలుకు రసీదు పుచ్చుకున్నట్టు ఎక్కడా లేదు. వ్యక్తిత్వ వికాస గ్రంథాలు నాలుగు చదివాను. కాలాన్ని వృథా చేయవద్దని నాలుగూ బోధించాయి. మొదటి గ్రంథం మాట విన్నవాడు రెండోది కొనడు గనుక, ఆ రచయితలు తమ బోధ ఫలించదన్న ధైర్యంతోనే రాస్తున్నారని నిర్ధారించుకున్నాను.

ఇన్ని ప్రక్రియలూ తిరగేసిన మీదట సర్వలక్షణ సమన్వితమైన గ్రంథంగా నేను గుర్తించినది ఏటా ఉగాదికి వెలువడే పంచాంగం. పన్నెండు రాశులు, ఒక్కొక్క రాశికి ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం. ఒక్క ఉపమానం లేదు, ఒక్క అంతర్మథనం లేదు, అవమానాన్ని కూడా అంకెల్లో చెప్పగలిగిన సాహిత్యం ప్రపంచంలో మరెక్కడా ఉండదు. అయితే మొన్నటి విశ్వావసు నామ సంవత్సరంలో మేషరాశివారికి ఆదాయం 2, వ్యయం 14 అని వేశారు. నాది మేషరాశి. లోటు పన్నెండు ఏ నిధి నుంచి సర్దుబాటు చేయాలో గ్రంథకర్త తెలుపలేదు కాబట్టి వివరణ కోరుతూ సిద్ధాంతిగారికి లేఖ రాశాను. సమాధానం వచ్చేదాకా ఆ పేరాను పెండింగులో ఉంచుతున్నాను.