సక్షన్ గొట్టం వద్దనే ముందు: ఒక వాట్సాప్ సందేశానికి ఖండన

కొన్ని వారాలుగా మా అనంతపురంలో కాలనీ గ్రూపుల నుంచి బంధువుల గ్రూపుల దాకా ఒక వాట్సాప్ సందేశం తిరుగుతోంది. పన్ను వైద్యం చేసేటప్పుడు ఉమ్మినీ నీళ్లనూ లాగేయడానికి నోటిలో పెట్టే సక్షన్ గొట్టం ప్రమాదకరమని, దాన్ని పెట్టనివ్వవద్దని దాని సారాంశం. ముందు వచ్చిన రోగి ఉమ్మి ఆ గొట్టంలోంచి మన నోట్లోకి వస్తుందని, దాని కొనను అందరికీ కడిగి వాడతారని, లేచి ఉమ్మితే సరిపోయేదానికి బిల్లు పెంచడానికే దీన్ని తెచ్చారని, పన్ను పీకాక స్ట్రా వాడవద్దనే వైద్యుడే సక్షన్ పెట్టడం మోసమని, లాలాజలమంతా లాగేయడం వల్ల గ్రంథులు ఎండిపోతాయని అది ఐదు కారణాలు చెబుతుంది. కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చిన ఒక వేరుశనగ రైతు కుర్చీలో వాలుతూనే "ఆ గొట్టం మాత్రం వద్దు సార్, నేను లేచి ఉమ్మేసి వస్తాలే" అన్నప్పుడు, దంత వైద్యుడిగా దీనికి వివరంగా జవాబు రాయాలనిపించింది.

మొదటి ఆరోపణను పూర్తిగా కొట్టిపారేయడం నిజాయితీ అనిపించుకోదు, ఎందుకంటే అందులో కొంత నిజం ఉంది. సన్నటి సక్షన్ కొన చుట్టూ రోగి పెదవులు బిగించి మూస్తే నోటిలోని గాలి బయటికి పోయి లోపలి పీడనం తగ్గుతుంది. అది గొట్టంలోని పీడనం కంటే తక్కువైన క్షణంలో, గొట్టంలో నిలిచి ఉన్న ద్రవం కొద్దిగా వెనక్కి రావచ్చు. గొట్టం నోటికంటే ఎత్తులో వేలాడుతున్నా, లావు గొట్టమూ సన్న గొట్టమూ ఒకేసారి నడుస్తున్నా ఇలా జరిగే వీలుంది. ఇదేమీ ఎవరో దాచిపెట్టిన రహస్యం కాదు. సీడీసీ అని పిలిచే అమెరికా వ్యాధి నియంత్రణ, నివారణ కేంద్రాలు దంత వైద్యశాలల కోసం 2003లో వెలువరించిన మార్గదర్శకాలలోనే ఈ సంగతి ఉంది. కొన చుట్టూ పెదవులు బిగించమని రోగులకు చెప్పవద్దని వైద్యులకు సూచించిన ఆ పత్రమే, ఈ గొట్టం వల్ల ఆరోగ్యానికి హాని జరిగినట్లు అప్పటివరకు నివేదికలేవీ రాలేదని కూడా స్పష్టంగా చెప్పింది. సందేశం రాసినవారికి మొదటి సగం పనికొచ్చింది, రెండో సగం పనికిరాలేదు.

అయితే తప్పు మా వైపూ ఉంది. "గొట్టాన్ని పెదవులతో పట్టుకొని ఒకసారి నోరు మూయండి" అనడం మా వృత్తిలో పాత అలవాటు. నేనూ చాలా ఏళ్లు అలాగే అన్నాను. నోరు వదులుగా తెరిచి ఉంచితే, బయటి గాలి ఎప్పటికప్పుడు లోపలికి వస్తూ ఉంటుంది కనుక ద్రవం వెనక్కి మళ్లే పరిస్థితే ఏర్పడదు. ఒక రోగి లేచి మరొకరు కూర్చునేలోగా శుభ్రమైన నీటిని గొట్టం గుండా లాగించడం, సాయంత్రం క్రిమిసంహారక ద్రావణంతో కడగడం వైద్యశాల బాధ్యత. ఈ రెండూ జరుగుతున్నాయా అని అడిగే హక్కు రోగికి ఉంది. ఆ ప్రశ్న విసుగు తెప్పించకూడదు.

రెండో ఆరోపణకు జవాబు చిన్నది. లోపల తీగ ఉండి, వంచితే వంగే సన్నటి ప్లాస్టిక్ కొన ఒక్కరికి వాడి పారేయవలసినదే. అది పరికరాలను ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవ్ యంత్రంలోని 121 డిగ్రీల వేడికి రూపు చెడిపోతుంది కనుక దాన్ని శుద్ధి చేసి మళ్లీ వాడే మార్గమే లేదు. లోహపు కొనలు వేరు, వాటిని కవరులో పెట్టి ఆటోక్లేవ్ చేసి మళ్లీ వాడవచ్చు. ఎక్కడైనా ప్లాస్టిక్ కొనను కడిగి వాడుతుంటే అది ఆ వైద్యశాల చేసే నేరం, దాన్ని సక్షన్ అనే పద్ధతికి అంటగట్టడం సరికాదు. కొత్త కొన మీ కళ్లముందే బిగించమని అడగండి.

మూడోదే అసలు విషయం, ఎందుకంటే "లేచి ఉమ్మితే సరిపోదా?" అన్న ప్రశ్న వినడానికి ఎంతో న్యాయంగా ఉంటుంది. పన్ను అరగదీసే ఎయిరోటార్ నిమిషానికి మూడు నాలుగు లక్షల సార్లు తిరుగుతుంది. ఆ రాపిడి వేడికి పంటి లోపలి నరం దెబ్బతినకుండా దాని మొన నుంచే నీళ్లు చిమ్ముతూ ఉండాలి, ఆ నీరంతా వెల్లకిలా పడుకున్న రోగి గొంతు వైపే చేరుతుంది. నిమిషానికొకసారి లేపి ఉమ్మించవచ్చు, పాత రోజుల్లో చేసిందీ అదే. కానీ పంటి రంగులో ఉండే కాంపోజిట్ ఫిల్లింగ్ అలా నిలవదు. ముందుగా పంటి గట్టి పైపొర అయిన ఎనామిల్ మీద 37 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లాన్ని కొన్ని సెకన్లు ఉంచి కడిగితే కంటికి కనిపించని గుంటలు ఏర్పడతాయి. ఫిల్లింగ్‌ను పట్టి ఉంచే ద్రవం ఆ గుంటల్లోకి దిగాలి. ఆ దశలో రోగి లేచి, నాలుక ఒక్కసారి ఆ పంటికి తగిలితే లాలాజలంలోని ప్రోటీన్లు గుంటలను కప్పేస్తాయి, పని మళ్లీ మొదటికి వస్తుంది. మా జిల్లాలో దీనికి ఇంకో చిక్కు తోడవుతుంది. ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న బోరు నీళ్లు తాగి పెరిగినవారి పళ్ల మీద మచ్చలు, గోధుమరంగు చారలు ఇక్కడ అందరికీ తెలిసినవే. అలాంటి ఎనామిల్ ఆమ్లానికి తొందరగా లొంగదు కనుక దాన్ని ఇంకొంత ఎక్కువసేపు పొడిగా కాపాడుకోవాలి.

నోటిని పొడిగా ఉంచాలన్న ఆలోచన బిల్లుల కోసం పుట్టిందనడం చరిత్రకు కూడా నిలవదు. పంటి చుట్టూ రబ్బరు పొరను బిగించే రబ్బర్ డ్యామ్ పద్ధతిని న్యూయార్క్ దంత వైద్యుడు శాన్‌ఫర్డ్ బార్నమ్ 1864లోనే ప్రవేశపెట్టారు. అలాగని ప్రతి పనికీ సక్షన్ తప్పనిసరి అని నేను వాదించడం లేదు. 1980ల మధ్యలో టాంజానియాలో రూపుదిద్దుకున్న ఒక పద్ధతిలో పుచ్చును చేతి పరికరాలతోనే గోకి, దూది చుట్టలతో తడిని ఆపి, సిమెంటుతో పూడుస్తారు. కరెంటు లేని పల్లెలో అది చక్కగా పనికొస్తుంది, ఎందుకంటే అక్కడ ఎయిరోటార్ లేదు, అది చిమ్మే నీళ్లూ లేవు. రూట్ కెనాల్ సంగతి పూర్తిగా వేరు: పంటి వేరు లోపలి కాలువలను కడిగే సోడియం హైపోక్లోరైట్ ఇళ్లలో వాడే బ్లీచ్ జాతిది, దాన్ని గొంతులోకి జారనివ్వకూడదు. ఆ పనిలో రబ్బర్ డ్యామూ సక్షనూ రెండూ ఉంటేనే నాకు నిశ్చింత.

నాలుగో ఆరోపణ రెండు వేర్వేరు సమయాలను ఒకటి చేసి మాట్లాడుతోంది. పన్ను తీసేటప్పుడు సక్షన్ రక్తాన్ని తొలగించి, వేరు ముక్క ఎక్కడుందో కనిపించేలా చేస్తుంది. అప్పటికి రక్తం ఇంకా గడ్డ కట్టలేదు. తీశాక గాజుగుడ్డ కరిచి పట్టుకోమంటాము, ఆ ఒత్తిడి కింద గడ్డ కడుతుంది. ఆ తర్వాత స్ట్రాతో చప్పరించినా, గట్టిగా ఉమ్మినా ఆ గడ్డ ఊడి, ఎముక బయటపడి, భరించలేని నొప్పి పుట్టవచ్చు. గమనించండి, సందేశం సలహా ఇస్తున్న ఉమ్మడం కూడా ఆ నిషేధాల జాబితాలోనే ఉంది.

ఇక గ్రంథులు ఎండిపోవడం గురించి. ఆరోగ్యంగా ఉన్న మనిషికి రోజుకు సుమారు అర లీటరు నుంచి లీటరున్నర వరకు లాలాజలం ఊరుతుంది. సక్షన్ తీసేది నోటి అడుగున చేరినదాన్ని మాత్రమే, గ్రంథుల్లో ఉన్నదాన్ని కాదు. పని అయ్యాక నోరు పొడిగా అనిపించడానికి ఎక్కువసేపు తెరిచి ఉంచడమూ దూదీ చాలు. నిజానికి సక్షన్ వల్ల కలిగే ఒక చిన్న ఇబ్బంది ఉంది, సందేశం రాసినవారు దాన్ని గమనించనే లేదు. కొనను నాలుక కింద ఒకేచోట చాలాసేపు వదిలేస్తే అక్కడి మెత్తటి చర్మాన్ని అది లోపలికి లాగి, ఎర్రగానో నీలంగానో ఒక మచ్చను మిగులుస్తుంది. ఆ మచ్చ కొద్ది రోజుల్లో మానిపోతుంది. అయినా అక్కడ లాగుతున్నట్లు అనిపించిన వెంటనే ఎడమ చేయి ఎత్తండి, కొనను పక్కకు జరపడం వైద్యుడికి క్షణం పని.