పాత కారు తలుపుల ‘ఏడు సూత్రాల’కు ఒక ఖండన

‘పాత కారు తలుపులు మీరే సరిచేసుకోండి, మేస్త్రితో పని లేదు’ అన్న సందేశం బరంపురం నుంచి రాయగడ వరకు, అక్కడి నుంచి జయపురం వరకు, పాత బండ్ల మీద మక్కువ ఉన్న మన తెలుగువాళ్ల ఫోన్లన్నింటిలో తిరుగుతున్నది. పర్లాకిమిడిలో ఉన్న మా బావ పంపారు. ఆ వెంటనే వారి తమ్ముడు పంపారు. నేను బదులివ్వలేదని నొచ్చుకుని బావే మళ్లీ పంపారు. ఆ బదులు ఇదే.

సందేశంలోని ఏడు సూత్రాల సారం ఇది. అన్నీ విప్పి, విడివిడిగా రంగు వేసి, చివర బిగిస్తే తలుపుకూ పక్క రేకుకూ మధ్య సందులు వాటంతటవే కుదురుతాయి. సిల్, అంటే తలుపుల కింద బండి పొడవునా సాగే రేకు పట్టె, తుప్పు పడితే, బండిని ముందూ వెనుకా స్టాండ్ల మీదికెత్తి, తలుపులు తీసేసి, రెండు పక్కలా ఒకేసారి కోసి కొత్తది అతకాలి. వాలిన తలుపు కింద చెక్క పెట్టి పైకెత్తాలి. అప్పటికీ కుదరకపోతే లాకు కొక్కేన్ని పైకి జరిపి తలుపును దాని మీదికి ఎక్కించాలి. సందు ఎక్కువైతే అంచుకు పుట్టీ పెట్టాలి. పాతకాలంలో ఫ్యాక్టరీ సందుల్లో కాగితం కూడా దూరేది కాదు. పాత రేకు మందం, అది వంగదు.

చివరి సూత్రం నిజమైతే మిగిలిన ఆరింటితో అవసరమే ఉండదు. వంగని బండికి తలుపెందుకు వాలింది? కాగితం సంగతి కూడా అంతే. అంత సన్నని సందు ఉన్న తలుపు తెరిచిన ప్రతిసారీ పక్క రేకు రంగును గీసుకుంటూ వస్తుంది. బెంగాల్‌లోని ఉత్తరపాడా ఫ్యాక్టరీ నుంచి 2014 దాకా వచ్చిన అంబాసిడర్ 1950ల నాటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ సిరీస్ శరీరమే. కొత్త బండిలోనే ఎడమ తలుపు సందుకూ కుడి తలుపు సందుకూ తేడా కనిపించేది. నాలుగైదు మిల్లీమీటర్ల సందు పైనుంచి కిందిదాకా ఒకే తీరుగా వస్తే అది ఫ్యాక్టరీ కన్నా మెరుగైన పనే. కొలవడానికి నాలుగు మిల్లీమీటర్ల డ్రిల్ బిట్టు కాడ చాలు.

విడివిడిగా రంగు వేయమన్న సూత్రం ఖర్చుతో కూడిన పొరపాటు. రంగు వేశాక తలుపు కుదరకపోతే, రంగు చెడగొట్టుకుని మళ్లీ సుత్తి పట్టాలి. పని క్రమం వెనుక నుంచి ముందుకు నడుస్తుంది: వెనుక పక్క రేకు బాడీకి అతికి ఉండి కదలదు కనుక వెనుక తలుపును దానికి, ముందు తలుపును వెనుక తలుపుకు, మడ్‌గార్డును ముందు తలుపుకు, చివరగా బానెట్టును మడ్‌గార్డులకు సరిపెట్టాలి. ఇదంతా ఉత్త రేకు మీద, బండి తన చక్రాల మీద తన బరువుతో నిలబడి ఉండగా, రబ్బరు బీడింగ్ లేకుండా ఒకసారి, పెట్టి మరొకసారి జరగాలి. కొత్త రబ్బరు తలుపును బయటికి తోసి, బాగున్న సందును కూడా చెడ్డదిగా చూపిస్తుంది. రెండు అంచుల మీదా ప్రైమరు, రంగు పొరలు చేరితే సందు సుమారు అర మిల్లీమీటరు దాకా తగ్గుతుందన్న లెక్క కూడా ముందే వేసుకోవాలి.

ఇప్పుడు నన్ను నిజంగా కలవరపెట్టిన సిల్ సూత్రం. మన ప్రాంతంలో దీన్ని పాటించేవాళ్లు ఎక్కువమంది ఉంటారు, ఎందుకంటే మన బండ్ల సిల్‌లే ముందుగా పోతాయి. గోపాల్‌పూర్ వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి ఒకటి, తలుపు లోపలికి దిగిన వాననీరు బురదతో మూసుకుపోయిన రంధ్రాల వల్ల బయటికి పోలేక నిలిచిపోవడం మరొకటి; 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను తీరం దాటినప్పుడు నీళ్లలో నిలిచిన బండి సంగతి చెప్పనే అక్కర్లేదు. పైన రంగు నిగనిగలాడుతున్నా లోపల సిల్ గుల్లయి ఉంటుంది.

అంబాసిడర్‌కు గానీ ప్రీమియర్ పద్మిని కారుకు గానీ విడిగా ఛాసీ, అంటే బాడీని మోసే ఇనుప చట్రం, లేదు. ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ మధ్య బరువును మోసేది నేల రేకు, పైకప్పు, వాటిని కలిపే స్తంభాలు, అన్నిటికన్నా ముఖ్యంగా ఈ సిల్. బండిని రెండు కొసల మీద నిలబెట్టి రెండు సిల్‌లనూ కోసేస్తే, పట్టెలు విరిగిన నులక మంచంలా నడుము దిగుతుంది. అప్పుడు తలుపు రంధ్రం, అంటే తలుపు కూర్చునే ఖాళీ, పైన ఇరుకవుతుంది, కింద వెడల్పవుతుంది. కళ్లకు అది కనిపించదు. ఎందుకంటే సందేశం చెప్పినట్టే తలుపులను ఇంతకు ముందే తీసి గోడకు ఆనించారు కదా! ఆ వంకర మీదే కొత్త సిల్‌ను వెల్డింగ్ చేస్తారు. ఆ క్షణం నుంచి వంకర శాశ్వతం. తరువాత తలుపు తెచ్చి తగిలిస్తే వెనుక పై మూల స్తంభానికి తగులుతుంది, కింద వేలు దూరుతుంది. బందుల మరలు ఎంత తిప్పినా ప్రయోజనం ఉండదు, బందులు తలుపును జరపగలవే గాని రంధ్రం ఆకారాన్ని మార్చలేవు. చివరికి తలుపు అంచును కోసి వంకర రంధ్రానికి సరిపెట్టే ఘనకార్యం మొదలవుతుంది. ఆ తరువాత మంచి తలుపు తెచ్చినా ఆ బండికి పట్టదు.

చేయవలసింది కష్టమేమీ కాదు. కోయక ముందు ప్రతి తలుపు రంధ్రానికీ ఐమూల కొలతలు రెండూ తీసి రాసుకోవాలి. రంధ్రానికి అడ్డంగా, ఐమూలగా ఇనుప పైపులను వెల్డింగ్‌తో నిలపాలి. ఒక పక్క కోసి, అతికి, కొలిచి, ఆ తరువాతే రెండో పక్క ముట్టుకోవాలి. సిల్‌ను పూర్తిగా అతకకముందు చుక్కలుగా వెల్డింగ్ పెట్టి, పైపులు అడ్డురాని చోటికి మార్చి, తలుపు తగిలించి చూడాలి. సందేశ రచయితకు ఇదంతా కాలయాపనగా కనిపించవచ్చు.

ఆ మహానుభావుడు బహుశా మద్రాసులో 1961 నుంచి తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ మీద పనిచేసి ఉంటాడు. దానికి విడి ఛాసీ ఉంది, బయటి సిల్‌లు మరలతో ఊడివస్తాయి, బాడీకీ ఛాసీకీ మధ్య ప్యాకింగ్ రేకులు చేర్చినా తీసినా తలుపు సందు మారుతుంది. హెరాల్డ్‌కు పనికివచ్చే ధైర్యాన్ని అంబాసిడర్ మీద చూపితే నడుము విరిగేది అంబాసిడర్‌కే.

చెక్క సూత్రాన్ని తిట్టడానికే కూర్చున్నాను, కాని తిట్టలేను. మరలకు జరిగే చోటు లేని బందుల విషయంలో, తలుపుకూ బందుకూ మధ్య చెక్క పెట్టి ఒడుపుగా వంచడం తప్ప మార్గం లేదు. కార్ల ఫ్యాక్టరీల్లో తలుపులు బిగించే పనివాళ్లు కూడా చెక్కముక్క, రబ్బరు సుత్తితోనే చివరి సవరణ చేసేవారు. కాకపోతే అంతకు ముందు తలుపును కొస పట్టుకుని పైకీ కిందికీ ఊపి చూడాలి. బందు దగ్గర వదులు కనిపిస్తే అరిగింది దాని పిన్ను. పిన్ను మార్చకుండా వంచితే వాలు మళ్లీ వస్తుంది.

పుట్టీ అంచు మొదటి గట్టి దెబ్బకే పెచ్చులూడుతుంది. అంచుకు సన్నని ఇనుప తీగను వెల్డింగ్ చేసి గ్రైండరుతో సాపు చేస్తే అది రేకులో భాగమవుతుంది.

లాకు కొక్కెం పని తలుపును మూసి పట్టుకోవడం, మోయడం కాదు. సందులు చూసేటప్పుడు దాన్ని అసలు విప్పి పక్కన పెట్టాలి. తలుపు దానంతట అది సరిగ్గా నిలిచాకే బిగించాలి. కొక్కెం మీదికి ఎక్కించిన తలుపు సందు చక్కగా కనిపిస్తుంది, మూసినప్పుడు గట్టిగా చప్పుడు కూడా చేస్తుంది. లాకు మాత్రం సగమే పడి ఉండవచ్చు. అలాంటి బండిని జాతీయ రహదారి 16 ఎక్కించి, ఆ తలుపుకు ఆనుకుని పిల్లలను కూర్చోబెట్టుకునేవాళ్లకు ఈ సందేశాన్ని పంపకండి.