లాజరు ఎంత విశ్వాసం చూపించాడు?

ఆ మెసేజ్ నిన్నటికి ఐదోసారి వచ్చింది. ఈసారి మా మేనత్త పంపింది. అందులో ఉన్నది ఇంతే: బైబిల్లో చెప్పినట్టు యెహోషువ కాలంలో సూర్యుడు ఆగిన రోజును నాసా కంప్యూటర్లు కనిపెట్టాయి. ఫ్రాన్స్‌లోని లూర్దు పుణ్యక్షేత్రంలో వేలమంది బాగయ్యారని డాక్టర్లే సంతకాలు పెట్టారు. కాబట్టి మందులు పక్కనపెట్టి ప్రార్థించండి, నయం కాలేదంటే లోపం మీ విశ్వాసంలోనే.

నాసా కథ నేను పుట్టకముందు నుంచీ తిరుగుతోంది. గ్రహాలు ఏనాడు ఎక్కడున్నాయో కంప్యూటర్ వెనక్కి లెక్కకడుతుంది. మధ్యలో ఒక రోజు ఆగిందని తేల్చాలంటే యెహోషువ చేతి గడియారం కూడా కావాలి. తర్వాతది చూద్దాం.

లూర్దులో బాగయ్యామని చెప్పుకున్నవాళ్లు వేలల్లో ఉన్నారు, నిజమే. 1858 నుంచి ఇప్పటిదాకా చర్చి అద్భుతమని ఒప్పుకున్నవి మాత్రం డెబ్బై చిల్లర. డాక్టర్లు పెట్టే సంతకం కూడా 'ఇప్పటి వైద్యానికి తెలిసినంతలో దీనికి వివరణ లేదు' అన్నంతవరకే. అద్భుతమని ప్రకటించేది బిషప్పు. ఆ డెబ్బై చిల్లరకి నా దగ్గరా వివరణ లేదు, ఒప్పుకుంటున్నాను.

నాకు ఒళ్లు మండేది చివరి మాటకి. చిన్నప్పటి నుంచి ఇన్సులిన్ మీదున్న ఒకమ్మాయి, మా చర్చికే వస్తుంది, ఏదో స్వస్థత కూటంలో ఈ మాటే విని సూది మానేసి ఉపవాస ప్రార్థనకు కూర్చుంది. మూడో రోజుకి ఐసీయూలో ఉంది. కళ్లు తెరిచాక నన్ను అడిగింది: "అన్నయ్యా, నా విశ్వాసం ఎక్కడ తగ్గింది?" ఆ కూటం పెట్టినవాళ్లు హాస్పిటల్ వైపు తొంగిచూడలేదు. సాక్ష్యం చెప్పడానికైతే మైకు ఇచ్చేవాళ్లే.

మెసేజ్‌లో ఆధారంగా మార్కు సువార్త ఆరో అధ్యాయం చూపించారు. సొంతూరు నజరేతువాళ్లు నమ్మలేదు గనక యేసు అక్కడ అద్భుతాలు చేయలేకపోయాడట. వాక్యం పూర్తిగా చదవండి బాబూ! కొద్దిమంది రోగుల మీద చేతులుంచి బాగుచేశాడని అందులోనే ఉంది. నమ్మనిది 'ఇతను వడ్రంగే కదా' అని వెటకారం చేసిన ఊరివాళ్లు. మంచాన పడ్డవాళ్లని ఎవరూ తప్పుపట్టలేదు. బేతెస్ద కోనేటి దగ్గర 38 ఏళ్లుగా జబ్బుతో ఉన్నవాణ్ని యేసు లేపితే, లేపినవాడెవరో కూడా అతనికి తెలియదు. ఇక లాజరు. చనిపోయి సమాధిలో నాలుగు రోజులున్నాక యేసు లేపాడు. ఆయన ఎంత విశ్వాసం చూపించాడో ఈ మెసేజ్ రాసిన దైవజనుడు కాస్త లెక్కకట్టి చెప్పాలి. శిష్యుడు తిమోతి కడుపు బాగోలేకపోతే అపొస్తలుడు పౌలు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని రాశాడు. పాపం, పౌలుకీ ఈ ఫార్వర్డ్ అందినట్టు లేదు.

'మరి నువ్వు ప్రార్థన చేయవా?' అని అత్త అడుగుతుంది. చేశానత్తా. నాన్న బైపాస్ రోజున హాస్పిటల్లో కూర్చోలేక విశాఖలో చర్చి ఉన్న రాస్ కొండ ఎక్కాను. కింద హార్బర్‌లో ఓడ హారన్ కొడుతోంది. 'నమ్ముతున్నాను, నా అపనమ్మకానికి సాయం చెయ్యి' అని సువార్తలో ఒక తండ్రి ఏడుస్తాడే, ఆ మాట తప్ప నాకింకేం నోట రాలేదు. నాన్న బతికాడు. అందులో దేవుడి వాటా ఎంత, సర్జన్ వాటా ఎంత అని నేను అడగలేదు. ఆయన మాత్రల డబ్బా మాత్రం ఆదివారం ఆరాధనకి వెళ్లినా అమ్మ బ్యాగులోనే ఉంటుంది.