సవరణ: పదం చివరి ‘ర్’ పలకదా?

మొన్నటి పోస్టులో ‘బ్రిటిష్ ఇంగ్లిష్‌లో పదం చివరి ర్ పలకరు’ అని రాశాను. దానికి కొంచెం వివరణ కావాలి. ఆ మాట హల్లు ముందూ, మాట ఆగినచోటా చెల్లుతుంది. తర్వాతి పదం అచ్చుతో మొదలైతే ర్ తిరిగొస్తుంది: విడిగా ‘ఫార్’ (far)ను ‘ఫా’ అనేవాళ్లే, ‘ఫార్ అవే’ (far away)ను ‘ఫారవే’ అంటారు. స్పెల్లింగులో లేని ర్ కూడా దూరుతుంది. ‘లా అండ్ ఆర్డర్’ లండన్ వాళ్ల నోట చాలాసార్లు ‘లోరనోడ’. మన ‘మా అమ్మ’ ‘మాయమ్మ’ అయినట్టే, రెండచ్చుల మధ్య సందు పూడ్చడమన్నమాట. ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిష్ పరీక్ష లిజనింగ్‌లో ‘ఇండియా అండ్ చైనా’ బదులు ‘ఇండియరన్ చైనా’ వినబడితే కంగారుపడకండి! దీన్ని తప్పనే పంతుళ్లున్నారు, నాకైతే తప్పనిపించదు. స్కాట్లాండ్, ఐర్లాండ్‌లలో, అమెరికాలో చాలాచోట్ల చివరి ర్ ఎలాగూ పలుకుతారు కాబట్టి అక్కడ ఈ గొడవ పెద్దగా లేదు.