మతిమరుపుకు మెమో మందా?

పైడిభీమవరంలో నైట్ షిఫ్టు దిగి కంపెనీ బస్సెక్కిన ఫార్మా కార్మికుడికి రణస్థలం దాటినా నిద్ర పట్టదు. బ్యాచ్ షీటులో ఆఖరి టెంపరేచర్ రాశానా, రాయలేదా? అదే శ్రీకాకుళం జిల్లాలో ఏఎన్ఎం ఒళ్లో రిజిస్టరు, చేతిలో ఫోను పెట్టుకుని ఓటీపీ కోసం చూస్తూంటుంది. ఈలోపు వాట్సాప్ గ్రూపులో మెసేజ్: రిపోర్టు అర్జెంట్. ఎదురుగా ఉన్న తల్లికి తర్వాతి టీకా తేదీ చెప్పడం మరిచిపోతుంది. ఆఫీసుల్లో దీనికున్న పేరు నిర్లక్ష్యం. మర్నాటికల్లా మెమో.

టెన్షన్ పడ్డప్పుడు ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ పెరుగుతుంది. కాసేపైతే మేలే, మనిషి చురుగ్గా ఉంటాడు. నెలల తరబడి దిగకపోతే మాత్రం కొత్త సంగతుల్ని నిలుపుకునే హిప్పోకాంపస్, ఆలోచించి నిర్ణయించే మెదడు ముందు భాగం రెండూ మందగిస్తాయి. బ్రిటన్ ప్రభుత్వోద్యోగులపై జరిగిన వైట్‌హాల్ అధ్యయనం 2009లో తేల్చిందీ ఇలాంటిదే. వారానికి 40 గంటలు మించనివాళ్లతో పోలిస్తే, 55 గంటలు దాటినవాళ్లు తర్కానికి పెట్టిన పరీక్షలో కొన్నేళ్లలోనే వెనకబడ్డారు. పని మోపెడైనా, అది ఎప్పుడెలా చేయాలో తన చేతిలో ఉంటే మనిషి తట్టుకుంటాడని, పని మోపెడై, ఆ పట్టూ లేనప్పుడే చితికిపోతాడని పని ఒత్తిడిపై పరిశోధించిన రాబర్ట్ కారసెక్ 1979లోనే చెప్పాడు. మన ఏఎన్ఎం చేతిలో ఏముంది, ఫోను తప్ప!

రాష్ట్రం 2025లో ఫ్యాక్టరీల్లో రోజు పని పరిమితిని 9 నుంచి 10 గంటలకు పెంచింది. వారానికి 48 గంటలు మారలేదు కదా అని సర్దిచెబుతున్నారు. పదో గంటలో రియాక్టర్ దగ్గర నిలబడ్డవాడి బుర్రకు వారం లెక్కతో పనేముంది?

ఒత్తిడి తగ్గిస్తామంటూ ఏడాదికోసారి పెట్టే యోగా క్లాసు ఫొటోలకు బాగుంటుంది. మేము అడిగేది వేరు. షిఫ్టు దిగేవాడు, ఎక్కేవాడు కలిసి వాల్వులు, షీట్లు సరిచూసుకోవడానికి పావుగంట ఇవ్వాలి, దానికి జీతమూ ఇవ్వాలి. రిజిస్టరులో రాసిందాన్నే మళ్లీ యాప్‌లో ఎక్కించే చాకిరీ తీసేయాలి. మానసిక సమస్యలకు సాయమందించే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరు క్యాంటీన్ గోడకు అంటించడం మంచిదే, ఆ ఫోను చేసుకునే తీరికా ఇస్తే. ప్రమాదం జరిగాక ఎవరు ఏం మరిచారో అధికారులు ఆరా తీస్తారు. ఆ మనిషి అప్పటికి ఎన్నో గంట డ్యూటీలో ఉన్నాడో, అంతకుముందు ఎన్ని నైట్లు వరసగా చేశాడో కూడా ఆ నివేదికలో రాయాలి.